గాలివాన కబురు మోసే ఉద్యోగం

ఎనభైల్లో రెండు ఎండాకాలాలు నేను మబ్బుల వెంట తిరిగే ఉద్యోగం చేశాను. సైకిల్ మీద తిరిగేవాణ్ణి. తిండి మా అక్క పెట్టేది. ఈ మాట చెబితే మా బంధువుల్లో ఎవరూ నమ్మరు, ఎందుకంటే నా మాటలు నమ్మే అలవాటు వాళ్ళకు లేదు. గోదావరిలో మొసలి వీపు మీద కూర్చుని దుమ్ముగూడెం దాకా పోయానని ఒకసారి చెప్పాను. అప్పటి నుంచి నేను అన్నం తిన్నానని చెప్పినా చేయి వాసన చూసేవాళ్ళు. అయినా ఇది నిజం. ఎక్కడైనా కొంచెం పెరిగితే అక్కడే ఒప్పుకుంటాను.

మా బావ తునికాకు కల్లేదారు. చర్ల దారిలో వెళ్తూ అడవి లోపలికి తిరిగితే ఒక గూడెం, గూడెం పక్కన చదును చేసిన పెద్ద ఖాళీ జాగా. అదే కల్లం. ఎండాకాలంలో గూడెం జనం తెల్లవారకముందే అడవిలోకి పోయి బీడీలు చుట్టే తునికాకు కోసుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో అప్పజెప్పేవాళ్ళు. ఆ కట్టల్ని నేల మీద వరసలు వరసలుగా పరిచి, ఒక వైపు ఎండాక రెండో వైపు తిరగేసి, పూర్తిగా ఎండినవాటిని గోనె సంచుల్లో కూరి లారీ ఎక్కించడం బావ పని. నెలన్నర రోజులు. ఆ నెలన్నరా వాన పడకూడదు. తడిసిన ఆకు నల్లబడుతుంది, నల్లబడిన ఆకును బీడీలోళ్ళు ముట్టుకోరు.

కానీ మా వైపు ఎండాకాలం అలా ఊరుకునే రకం కాదు. మధ్యాహ్నం దాకా మాడు పగలగొడుతుంది. మూడు దాటగానే బస్తర్ గుట్టల మీద నుంచి నల్లగా ఏదో లేస్తుంది. గాలిదుమారం, ఉరుములు, ఒక్కోసారి రాళ్ళవాన. అర్ధగంటలో అంతా అయిపోయి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఎండ.

నేను అక్కడికి చేరిన యేడు మొదటి వారంలోనే ఒక వాన కొట్టి పది వరసలు నల్లబడ్డాయి. కాంట్రాక్టరు తరఫు మున్షీ జీపులో దిగి, ఒక నల్ల కట్టను రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకను ఊపినట్టు బావ మొహం ముందు ఊపాడు.

“ఇంకొక్కపారి గిట్ల అయ్యిందంటే వచ్చే యేడు ఈ కల్లం ఇంకోనికి,” అన్నాడు.

బావకు ఎకరన్నర చెలక, ఈ కల్లం, ఇవే ఆధారం. చెలక పండిన సంవత్సరాలు తక్కువ. మున్షీ జీపు పోయాక చాలాసేపు ఆ కట్ట చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. నేను అప్పటికి డిగ్రీ రెండోసారి తప్పి, అక్క చేతి కూరలు తింటూ, గూడెంలో కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతున్నాను. బావ కళ్ళు నా మీద పడ్డాయి.

“నువ్వు ఎట్లాగూ తిరుగుతనే ఉంటవు గదరా బామ్మర్ది. ఊకె తిరిగేదానికి మొగులు ఎంబడి తిరుగు. వాగు అవతల గుట్టెక్కి చూడు. వాన ఇటు వస్తున్నదంటే ఉరికొచ్చి చెప్పు. మేం ఆకు కుప్పేసి తాటిపత్రులు కప్పుకుంటం.”

“గంతేనా బావా?”

“గంతే. చూసుడు, చెప్పుడు. రెండోది నీకు అలవాటే గదా.”

పని దొరికిన సంబరంలో ముందు సామాను సమకూర్చుకున్నాను. కొత్తగూడెం పోయి నాన్న పాత గని టోపీ, మోకాళ్ళ దాకా వచ్చే ఆయన రబ్బరు బూట్లు అడిగాను. నాన్న పాతికేళ్ళు బొగ్గుబావిలో పనిచేశాడు. షిఫ్టు దిగి పైకొచ్చాక నేల తడిగా ఉంటేనే ఆయనకు వాన పడిందని తెలిసేది.

“మొగులును చూసి వస్తే పనంటరా?” అన్నాడు.

“అవ్ నాయినా.”

“నేను పాతికేండ్లు చూడకుంటనే ఇల్లు నడిపిన,” అని టోపీ ఇచ్చాడు.

టోపీ, బూట్లు, ఒక పెద్ద గొడుగు, మెడలో వేలాడే ట్రాన్సిస్టర్, అక్క స్టీలు టిఫిన్ డబ్బా, బావ సైకిల్. ఈ అలంకారంతో కల్లంలో దిగితే ఆడవాళ్ళు ఆకు తిరగేయడం ఆపి నిలబడ్డారు. వాళ్ళలో ఒక పెద్దామె ఉండేది. అందరం అవ్వ అనేవాళ్ళం. ఇంట్లో కోయ మాట్లాడేది, మాతో తెలుగు. ఏ వరస ఎప్పుడు తిరగేయాలో, ఏ కట్ట ఎండిందో చెప్పేది ఆమే. బావ కూడా ఆమెను అడగకుండా గోనె సంచి కుట్టించేవాడు కాదు. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

“పెండ్లికి పోతున్నవా బిడ్డా, కొట్లాటకు పోతున్నవా?”

నా సామాన్లలో ఒకటి ఆ రోజే పోయింది. తీసేసినవాడు కరెంటు లైన్‌మన్. గాలిదుమారం వచ్చిన ప్రతిసారీ తెగిన తీగలు కలపడానికి అడవిలో తిరిగేవాడు. ఒకసారి పక్క స్తంభం మీద పిడుగు పడితే ఎక్కిన స్తంభం మీద నుంచి కిందికి వచ్చాడు. అప్పటి నుంచి ఆయనకు ఎడమ చెవి వినబడదు. కాబట్టి నాకు చెప్పాల్సినవన్నీ చెప్పేవాడు, నేను చెప్పేవి చాలావరకు ఎడమ చెవి నా వైపు తిప్పి వినేవాడు. టీ కొట్టు దగ్గర నా గొడుగు అందుకున్నాడు.

“ఇదేంది తమ్మీ?”

“వాన పడితే, అన్నా.”

“గుట్ట మీద గొడుగు పట్టుకుని నిలవడితే పిడుగుకు ఎతుకుడు పని తప్పుతది,” అని దాన్ని టీ కొట్టు చూరుకు తగిలించాడు. బూట్లు ఉంచుకోమన్నాడు, పాములకు మంచిదని. టోపీ రాళ్ళవానకు పనికొస్తుందన్నాడు. కరెంటోళ్ళ రబ్బరు చేతి తొడుగులు ఒక జత ఇప్పించమని అడిగాను.

“ఇస్త. చేతులకు ఏంగాదు, మంచిగుంటయ్. మిగిలిన నువ్వే పోతవు.”

ఇక చదువు మొదలైంది. వారం రోజులు ఆయన సైకిల్ వెనక నా సైకిల్. నేను డిగ్రీలో ఏ పాఠమూ అంత శ్రద్ధగా వినలేదు. మెరుపు కనబడగానే లెక్క మొదలుపెట్టాలి. తొందరపడకుండా ఒకటీ, రెండూ, మూడూ అనుకుంటూ ఉరుము వినబడేదాకా. ప్రతి మూడు లెక్కలకు ఒక కిలోమీటరు దూరం. లెక్క ముప్పై లోపలికి వచ్చిందంటే చూడటం ఆపి దిగిపోవాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు, ఇనప సైకిల్ పట్టుకుని కూడా నిలబడకూడదు. దాన్ని పడేసి దూరంగా, పల్లంలో, కాళ్ళు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోవాలి. మబ్బు అడుగు నల్లగా కాక పచ్చగా, పాచి పట్టినట్టు కనిపిస్తే రాళ్ళు రావచ్చు. వేడిగాలి ఒక్కసారి చల్లబడిందంటే ఇక ఎక్కువ సమయం లేదు.

“మొగులుకు ఎదురు పోకు. నీ సైకిల్ కంటే అదే జల్దీ వస్తది,” అనేవాడు లైన్‌మన్. “పక్కకుండి చూడు. వాపస్ వచ్చే తోవ ముందుగాల చూసుకో. పైన గుట్టలల్ల వాన పడ్డదంటే ఈ వాగు చెప్పకుంట వస్తది. అటు ఒడ్డున చిక్కినవంటే నీ కబురు నీ కాడనే ఉంటది, ఆకు నానుతది.”

ట్రాన్సిస్టర్ ఎందుకో కూడా ఆయనే నేర్పాడు. వాతావరణ వార్తల్లో ఎప్పుడూ అక్కడక్కడా జల్లులు పడే అవకాశం ఉందనేవాళ్ళు. ఆ అక్కడక్కడా మా కల్లం అవునో కాదో ఏ రోజూ చెప్పలేదు. లైన్‌మన్ ముల్లును ఏ స్టేషనూ లేని చోటికి తిప్పి చెవి దగ్గర పెట్టాడు. దూరంలో ఎక్కడ మెరిసినా అందులో టప్ టప్ మని చిటపటలాడేది. “వార్తలు ఇవి. అవి కావు,” అన్నాడు.

అన్నీ నేర్చుకున్నాను. ఒక్కటి తప్ప. అదేమిటో నాకూ ఆయనకూ ఇంకా తెలియదు.

నా మొదటి మబ్బు ఒక మంగళవారం లేచింది. గుట్ట మీద నుంచి చూశాను. నల్లగా, పెద్దగా, బాగానే ఉంది. లెక్క నలభై దగ్గర ఉంది, గాలి ఇంకా వేడిగానే ఉంది. కాసేపు ఆగి, ఎటు పోతోందో చూసి, అప్పుడు దిగాలి. కానీ నా దగ్గర మొట్టమొదటిసారి ఒక నిజమైన కబురు ఉంది. ఆగలేకపోయాను. సైకిల్ తొక్కుతుంటే ఆ కబురు లోపల పొంగింది. వాగు దాటేసరికి మబ్బు ఏనుగుల మంద అయింది. కల్లం చేరేసరికి తాడిచెట్లు వేళ్ళతో సహా లేచి గాలిలో నిలబడ్డాయి. ఒక ఎద్దుబండి నా తల మీదుగా పోయింది, బండాయన పై నుంచి వంగి వెంకటాపురం ఎటని అడిగాడు. బండాయన మాట అక్కర్లేనిదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అయితే ఎద్దుబండి దాకా రాకముందే బావ ఈల వేసేశాడు. మున్షీ ఊపిన కట్ట ఆయన కళ్ళ ముందు ఇంకా ఊగుతూనే ఉంది మరి.

జనమంతా పరిగెత్తి, సగమే ఎండిన ఆకును కుప్పలు పోసి, తాటిపత్రులు, అంటే టార్పాలిన్ పట్టాలు, కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, చెమటలు తుడుచుకుని ఆకాశం వైపు చూశారు. మబ్బు వెంకటాపురం వైపు పోయింది. బండాయనకు దారి దొరికినట్టుంది. నాలుగు చినుకులు కూడా పడలేదు. ఇంకా వస్తుందేమోనని బావ పొద్దున దాకా కుప్పలు విప్పనివ్వలేదు.

విప్పేసరికి ఆవిరి. పచ్చి ఆకు కుప్పలో ఉడుకుతుందని నాకెవరూ చెప్పలేదు, అందరికీ తెలిసిన సంగతి కాబట్టి. అవ్వ చేయి లోపల పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. పుల్లటి వాసన. ఎన్నో కట్టల మీద నల్ల మచ్చలు. పాడైనవాటిని మున్షీ చూడకముందే గూడెం పొయ్యిల్లోకి పంపించారు. రెండు రోజులు ఆ గూడెంలో ప్రతి వంటా బీడీ వాసన కొట్టింది.

“వాన పడితే సగం పోతుండె,” అన్నాడు బావ. “నీ మాట ఇన్నందుకు పడకుంటనే సగం పోయింది.”

నన్ను తరిమేస్తాడనుకున్నాను. తరమలేదు, గుట్టెక్కడానికి వేరే మనిషి లేడు. కానీ ఆ రోజు నుంచి కల్లంలో నా మాటకు తరుగు తీయడం మొదలైంది. తాలు ఎంతుందో చూసి వడ్లకు తరుగు తీస్తారే, అలా. ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. బావ నాలుగో వంతు నమ్మేవాడు. ఆడవాళ్ళు పదో వంతు. “ఈడు ఏనుగంటే మేక, మేకంటే పిల్లి, పిల్లంటే ఏం లేదు,” అని అవ్వ పట్టీ చెప్పింది. అక్క తరుగు తీసేది కాదు, అసలు వినేదే కాదు.

లైన్‌మన్ దగ్గరికి పోయి మొత్తుకున్నాను. ఆయన ఈసారి కుడి చెవి పెట్టి విన్నాడు.

“నీకు ఇంకో సామాను తక్కువున్నది తమ్మీ. నోటికి బ్రేకు. గుట్ట దిగినంక మూడే మాటలు చెప్పు. ఏ దిక్కు, ఎంత లెక్క, గాలి వేడా సల్లనా. నాలుగోది వస్తే మింగు.”

తేలిక అనుకుంటారు. రోజూ టీ కొట్టు దగ్గర సాధన చేయించేవాడు. ఏం తిన్నావని అడిగేవాడు. అన్నం, పప్పు అనాలి. అన్నం, పప్పు అనేవాణ్ణి, తర్వాత పెదవులు వాటంతట అవే కదిలేవి. “ఆ పప్పు వాసనకు ఒక ఎలుగుబంటి…” “మింగు,” అనేవాడు. మింగేవాణ్ణి. మింగిన ఎలుగుబంట్లు లోపల రోజంతా తిరిగేవి. పదిహేను రోజులకు మొత్తానికి, పప్పు దగ్గర ఆగడం వచ్చింది.

మే నెల సగమయ్యాక అసలుది వచ్చింది. ముందు వరసల ఆకు అప్పటికే సంచుల్లోకి పోయి వెనక కొట్టంలో ఉంది. కల్లంలో ఉన్నది చివరి కోత, అదీ బాగా ఎండింది. రెండు రోజులు ఆగితే సంచులకెత్తడమే. అది దక్కితే బావ కల్లం దక్కినట్టే.

గుట్ట మీద ట్రాన్సిస్టర్ చిటపటలాడటం ఆపలేదు. బస్తర్ గుట్టలు కనబడటం మానేశాయి. వాటి స్థానంలో మబ్బు నిలబడి ఉంది, అడుగున చెరువు పాచి రంగు. లెక్క నలభై అయిదు. తర్వాత నలభై ఒకటి. ఇటే వస్తోంది. చూడాలని చాలా ఉంది, అంత అందమైనదాన్ని నేను మళ్ళీ చూడలేదు, ఇందులో పెంచింది లేదు. కానీ దిగాను. వాగు దాటుతుంటే మెడ మీద చల్లగాలి తగిలింది. కల్లం అంచున సైకిల్ పడేసి చివరిసారి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది.

“తూర్పు దిక్కు. ఇరవై ఎనిమిది. సల్లగాలి,” అన్నాను బావతో. అంతే అన్నాను. నాలుగోది మింగాను.

బావ బీడీ ఆర్పి నన్ను చూశాడు. ముఖంలో కంగారు లేదు, లెక్క కనిపించింది.

“ఇరవై ఎనిమిదా. నాలుగో వంతంటే ఏడు. అగో, ఏడంటే ఇంక దగ్గరికి వచ్చె గదా,” అని తల గోక్కున్నాడు. “నువ్వు అబద్ధమాడితే మొగులు దగ్గరికొస్తదా, దూరం పోతదా?”

“బావా, ఇయ్యాల అబద్ధం లేదు.”

“అది అన్నిపార్లు అంటవు. నువ్వు దగ్గరికి గుంజుతవు. అంటే నాలుగుతోటి హెచ్చియ్యాలె. నూట పన్నెండు. మూడుతోటి భాగిస్తే…” వేళ్ళ మీద వేసుకున్నాడు. “ముప్పై ఏడు కిలోమీటర్లు. బస్తర్ల పడతది తీ. ఇంకోపారి ఆకు ఉడకబెట్టను నేను.”

వరసల మధ్య ఆడవాళ్ళు నవ్వారు. కల్లం చుట్టూ చెట్లు కదలకుండా ఉన్నాయి. తూర్పు చెట్ల వెనక ఆకాశం ఎలా ఉందో అక్కడి నుంచి కనబడదు, అందుకే కదా నన్ను పెట్టుకున్నది. ఆ క్షణంలో నా దగ్గర రెండు దారులున్నాయి. నాలుగు రెట్లు పెంచి చెబితే, తరుగు పోను, సరిగ్గా నిజం మిగులుతుంది. తాడిచెట్లు, ఏనుగులు, మబ్బులో నుంచి ఊడిపడ్డ ఒక రైలుపెట్టె, అన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. కానీ అవి బయటికి వస్తే అవ్వ పదో వంతు కడుతుంది, బావ హెచ్చిస్తాడు, లెక్కలు తేలేసరికి వాన పడుతుంది.

ఏమీ అనలేదు. టోపీ తీసి పక్కన పెట్టి, చివరి వరస దగ్గర కూర్చుని కట్టలు ఎత్తడం మొదలుపెట్టాను. ఒక్కణ్ణే. గంపలో వేసి, కుప్ప చోటుకు మోసుకుపోయి, కుమ్మరించి, మళ్ళీ వచ్చాను.

“గాలి ఎట్లున్నది బిడ్డా?” అంది అవ్వ, నవ్వుతూనే.

జవాబు చెప్పలేదు. కట్టలెత్తాను.

“తాడిచెట్లు లేచినయా ఏంది?”

జవాబు లేదు. రెండో గంప.

మూడో గంపకు ఆమె నవ్వడం ఆపింది. చేతిలో కట్ట కింద పెట్టి లేచి నిలబడి, నన్నే చూసింది. నేను అయిదు వారాలుగా ఆ కల్లంలో ఉన్నాను. ఆమె ఒక ప్రశ్న అడిగి నా నుంచి మాట రాకపోవడం అప్పటి దాకా జరగలేదు.

“ఈడు మాట్లాడుతలేడు,” అంది అవ్వ. “లేవుండ్రి. ఆకెత్తుండ్రి.”

ఆ తర్వాత ఎవరూ లెక్కలు వేయలేదు. బావ ఈల కూడా వేయలేదు, తాటిపత్రి లాగుతూ పరిగెత్తాడు. ముప్పై నలభై మంది, గంపలు లేనివాళ్ళు చీర కొంగుల్లో, కండువాల్లో, ఒకాయన తలపాగా విప్పి అందులో. కుప్పలు లేచాయి, తాటిపత్రులు కప్పారు, తాళ్ళు బిగించారు. మొదటి గాలి కల్లం మీద పడేసరికి రెండు వరసలు తప్ప అన్నీ ఎత్తేశాం. ఆ రెండు వరసల కోసం బావ మళ్ళీ పరిగెత్తబోయాడు. నేను లెక్కపెట్టాను. మెరుపు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఉరుము. బావను నడుము దగ్గర పట్టుకుని కల్లం పక్కనున్న గూడెం బడి గదిలోకి ఈడ్చుకుపోయాను. గాలికి బావ నాతో సహా నేల మీద నుంచి లేచాడని రాయాలని ఉంది. లేవలేదు. బరువు మనిషి. నా మోచేయి చీరుకుపోయింది.

రాళ్ళు రేగుకాయలంత పడ్డాయి. అర్ధగంట. బావ కిటికీ ఊచలు పట్టుకుని, ఆ రెండు వరసలు నల్లటి బురదలో కలిసిపోతుంటే చూశాడు. తర్వాత కుప్పల మీద తాటిపత్రులు ఎగిరెగిరి పడుతూ కూడా నిలబడి ఉండటం చూశాడు. నన్ను మాత్రం చూడలేదు.

“ఇరవై ఎనిమిదేనా నువ్వన్నది?” అన్నాడు చివరికి.

“అవ్ బావా.”

“మంచిగ చెప్పచ్చు గదరా. నేను నమ్మేతట్టు.”

వాన వెలవగానే అవ్వ కుప్పలు విప్పించి ఆకును గాలికి పరిపించింది, ఈసారి ఎవరి మాట కోసమూ ఆగకుండా. వారం తర్వాత మున్షీ వచ్చాడు. సంచి విప్పించి, మోచేతి దాకా చేయి దూర్చి, లోపలి నుంచి ఒక కట్ట తీసి వాసన చూశాడు. విరిచి చూశాడు. ఇంకో సంచి అడిగాడు. మూడో సంచి బావే విప్పి ముందు పెట్టాడు.

“వచ్చే యేడు జల్దీ మొదలువెట్టు,” అన్నాడు మున్షీ, జీపెక్కుతూ.

మరుసటి ఎండాకాలం కూడా గుట్ట మీదికి నన్నే పంపారు. ఇప్పుడు తరుగు లేదు. నేను చెప్పింది చెప్పినట్టు కొలిచేవాళ్ళు, ఎక్కువా తక్కువా లేకుండా. ఆ యేడు, ఏం చేస్తాం, ఒక్క మబ్బు లేవలేదు. ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది. రోజూ సాయంత్రం గుట్ట దిగి, వాగు దాటి, కల్లంలో నిలబడి రెండు మాటలు చెప్పేవాణ్ణి. ఏం లేదు. బావ సరే అనేవాడు. ఆకు ఎండేది, సంచులు నిండేవి. వాళ్ళు నా మాట నమ్మి నిశ్చింతగా తిరిగి పనిలో పడుతుంటే నా కడుపులో ఏనుగులు, ఎలుగుబంట్లు, ఎద్దుబండి బండాయన, అందరూ వరసలో నిలబడి ఉండేవాళ్ళు.

ఇరవయ్యో రోజు కాబోలు. నేను ఏం లేదు అనగానే అవ్వ నడుము పట్టుకుని నిట్టూర్చి వరస మధ్యలో కూలబడింది. పక్కన ఆడవాళ్ళూ ఆగారు.

“ఏదన్న చెప్పు బిడ్డా,” అంది. “పొద్దు పోతలేదు.”

బావ వైపు చూశాను. ఆయన సంచి కుడుతున్నట్టు నటిస్తున్నాడు, దబ్బనం కదలడం లేదు.

“ఎవ్వరు ఆకెత్తొద్దు మరి,” అన్నాను. “తాటిపత్రులు ముట్టొద్దు.”

ఎవరూ ముట్టబోమన్నారు. నేను టోపీ బోర్లించి దాని మీద కూర్చుని, ఆ పొద్దున వాగు దగ్గర నాకు ఎదురైన గాలి సంగతి మొదలుపెట్టాను.